జలుబు తూనికతో ఫ్లూ టీకాను తూచొద్దు

"టీకా వేయించుకున్నా జలుబు చేసింది. ఇంకెందుకండీ ఆ దండగ?" ఈ మాట అపార్ట్‌మెంట్ మెట్ల మీద విన్నాను, పెళ్లి పందిట్లో విన్నాను, మందుల షాపు ముందు నిలబడి విన్నాను. చదువుకున్నవాళ్లయితే ఒక అంకె కూడా చేరుస్తారు: "సగం మందికే పనిచేస్తుందట." అంతటితో తీర్పు అయిపోతుంది. ఇంట్లో రెండేళ్ల మనవడికీ, డెబ్బై ఏళ్ల నానమ్మకీ అదే తీర్పు. ఇది తప్పుడు తీర్పు. ప్రాణాల మీదికి తెచ్చే తీర్పు.

ముందు జలుబు సంగతి. ముక్కు కారినా, ఒళ్లు వెచ్చబడినా మనకు అంతా ఫ్లూనే. జలుబు తెచ్చే వైరస్‌లు వందకు పైనే ఉన్నాయి. ఈ టీకా అడ్డుకునేది ఇన్‌ఫ్లుయెంజాను మాత్రమే. మిగతావాటిని ఆపలేదని దాన్ని తిట్టడం, దోమతెర కట్టుకున్నా చీమ కుట్టిందని తెరను చించేయడమే. సూదితో వేసే టీకాలో బతికున్న వైరస్ ఉండదు కనుక టీకా వల్లే ఫ్లూ వచ్చిందన్న మాటకూ ఆధారం లేదు. చేయి నొప్పి, ఒకటి రెండు రోజులు ఒంట్లో నలత, సాధారణంగా అంతే.

ఇక ఆ "సగం". అందులో నిజముంది, దాన్ని దాచే ఉద్దేశం నాకు లేదు. టీకా, ఊళ్లో తిరిగే వైరస్ బాగా కుదిరిన ఏడాది రక్షణ 40 నుంచి 60 శాతం. ఏ రకాలు పెట్టాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలో, దక్షిణార్ధగోళానికి సెప్టెంబరులో చెబుతుంది. ఎక్కువ టీకాలకు వైరస్‌ను ఇప్పటికీ కోడిగుడ్లలోనే పెంచుతారు, దానికి నెలలు పడుతుంది. ఆలోగా వైరస్ రూపు మార్చుకుంటే గురి తప్పుతుంది. 2014-15లో అమెరికాలో రక్షణ 19 శాతానికి పడిపోయింది. వయసు మళ్లిన ఒంటికి టీకాను అందిపుచ్చుకునే శక్తీ తక్కువే. టీకాతో వృద్ధుల మరణాలు సగానికి తగ్గుతాయని ఒకప్పుడు కొన్ని అధ్యయనాలు చెప్పాయి. ఓపిక ఉన్న వృద్ధులే టీకాకు వెళతారు కాబట్టి అవి ఉబ్బిన లెక్కలని తర్వాత తేలింది. టీకా వైపు వాదించేవాళ్లు ఇవన్నీ చెప్పి తీరాలి. చెప్పకపోవడం వల్లే నమ్మకం పోతోంది.

కానీ, సగం అంటే సున్నా కాదు. టీకాల మీద ఏ మాత్రం మొగ్గు చూపదని పేరున్న వైద్య అధ్యయనాలను కలిపి తూచే కోక్రేన్ సంస్థ సమీక్షలే 2018లో ఏం చెప్పాయో చూడండి. టీకా లేని వృద్ధుల్లో ఒక సీజన్‌లో వందకు ఆరుగురికి ఫ్లూ వస్తే, వేయించుకున్నవారిలో ఇద్దరు ముగ్గురికే వచ్చింది. పిల్లల్లో వందకు ముప్ఫై మంది కాస్తా పదకొండు మంది అయ్యారు. పైగా ఫ్లూ జ్వరంతో ముగిసిపోయే జబ్బు కాదు. అది సోకిన మొదటి వారంలో గుండెపోటు ముప్పు ఆరు రెట్లు ఉంటుందని కెనడా పరిశోధకులు 2018లో చూపించారు. షుగరు, బీపీ, స్టెంటు ఉన్న పెద్దవాళ్లు లేని తెలుగు ఇల్లు ఎక్కడుంది? 2024-25 సీజన్‌లో అమెరికాలో కనీసం 280 మంది పిల్లలు ఫ్లూతో చనిపోయారు. టీకా వివరాలు తెలిసినవారిలో పదింట తొమ్మిది మందికి టీకా పూర్తిగా పడలేదు.

ఇప్పుడు మనం చేస్తున్న తప్పును ఒక దేశం ఇదివరకే చేసింది. జపాన్ 1962 నుంచి బడి పిల్లలకు ఫ్లూ టీకా వేసింది. మయెబాషి అనే నగరంలో టీకా తర్వాత ఒక బిడ్డకు ఫిట్స్ రావడంతో అక్కడ ఆపేశారు. తర్వాత జ్వరంతో బడికి రాని పిల్లల్ని లెక్కపెట్టి, టీకా వేసిన ఊళ్లకూ వేయని ఊళ్లకూ పెద్ద తేడా లేదన్నారు. జలుబూ, జ్వరం, ఫ్లూ అన్నీ ఒకే గంపలో వేసిన లెక్క అది. 1987లో ఇష్టం లేని తల్లిదండ్రులు మానేయవచ్చన్నారు, 1994లో బడి టీకా మొత్తంగా ఆగిపోయింది. పిల్లల హాజరుపట్టీ చూసినవాళ్లు, ఆ పిల్లల నుంచి ఫ్లూ అంటుకునే తాతల వైపు చూడలేదు. 2001లో వచ్చిన ఒక విశ్లేషణ ఆ పని చేసింది. బడి టీకాలు సాగినన్నాళ్లూ ఏటా 37 వేల నుంచి 49 వేల మరణాలు తప్పాయనీ, ప్రతి 420 మంది పిల్లల టీకాకు ఒక ప్రాణం నిలిచిందనీ అంచనా వేసింది. టీకాలు తగ్గేకొద్దీ చలికాలపు మరణాలు మళ్లీ పెరిగాయి. అది జనాభా లెక్కల మీద కట్టిన అంచనాయే, ప్రయోగం కాదు. అలాంటి ప్రయోగం కెనడాలో హటరైట్లు అనే క్రైస్తవ సమాజం పల్లెల్లో జరిగింది. పిల్లలకు టీకా వేస్తే, టీకా వేయని మిగతావాళ్లకు 61 శాతం రక్షణ దక్కింది.

ఈ లెక్క మన ఇళ్లకు సరిగ్గా సరిపోతుంది. అమ్మానాన్నలు ఉద్యోగాలకు వెళితే పిల్లల ముక్కు తుడిచేది, పాలు పట్టేది, పక్కన పడుకోబెట్టుకునేది అమ్మమ్మలూ నానమ్మలే. కూతురి పురుడు పోయడానికి చలికాలంలో డాలస్‌కో న్యూజెర్సీకో విమానం ఎక్కేదీ వాళ్లే. ఆరు నెలలు నిండని పసిబిడ్డకు ఈ టీకా వేయరు. ఆ బిడ్డకు తల్లే కవచం. బంగ్లాదేశ్‌లో గర్భిణులకు టీకా వేస్తే వాళ్ల పసివాళ్లలో ఫ్లూ 63 శాతం తగ్గిందని 2008లోనే తేలింది.

అయినా మన సార్వత్రిక టీకాల కార్యక్రమంలో ఫ్లూ టీకా లేదు. ప్రైవేటులో ఒక్క డోసు వెయ్యి రూపాయలు దాటుతుంది. కూలికి వెళ్లే ఇంటికి అది మూడు రోజుల తిండి. ఆ ఇంటి గర్భిణికీ, గుండె జబ్బున్న ముసలాయనకూ దీన్ని ఉచితంగా ఇవ్వమని ప్రభుత్వాన్ని అడగాలి. "దండగ" అన్న మాట ఊళ్లో తిరుగుతున్నంతకాలం ఆ అడిగే గొంతు లేవదు.

కొనగలిగినవాళ్లకు నా మనవి ఒక్కటే. వానలు మొదలయ్యేలోపు ఇంట్లో పెద్దవాళ్లకూ పిల్లలకూ కలిపి వేయించండి. తొమ్మిదేళ్లలోపు పిల్లలకు మొదటి ఏడాది నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు పడాలి. ఒక్కటి వేయించి మానేయకండి.