ఆట మరచిన బాల్యం

1950-53 నాటి యుద్ధం దక్షిణ కొరియాను ఆకలి కోరల్లోకి నెట్టింది. ఆ దేశం అకుంఠిత దీక్షతో దారిద్ర్యాన్ని జయించి సంపన్న దేశాల సరసన నిలిచింది. అయితే నాడు ఆకలిని చవిచూసిన తాతల మనుమలు నేడు అధిక బరువుతో బాధపడుతున్నారు. కొరియా స్థూలకాయ అధ్యయన సంఘం వెల్లడించిన లెక్కల ప్రకారం పిల్లలలోను, కౌమార దశలోని వారిలోను స్థూలకాయులు 2012లో నూటికి 9.7 మంది కాగా, 2021 నాటికి 19.3కు చేరారు. బాలికలలో ఈ సంఖ్య 8.8 నుండి 12.3కు పెరిగింది. బాలురలో 10.4 నుండి 25.9కి, అంటే ప్రతి నలుగురిలో ఒకరికి చేరింది.

దీనికి పిల్లల జిహ్వచాపల్యమూ సోమరితనమూ కారణమని నిందించడం సులభమే కాని న్యాయం కాదు. అన్నం, కూరగాయలు, పులియబెట్టిన కిమ్చీ కొరియన్ల సంప్రదాయ భోజనం. దానిని ఇంట్లో నింపాదిగా తినే తీరిక విద్యార్థులకు లేదు. బడి ముగియగానే ‘హగ్వాన్’ అనే ప్రైవేటు శిక్షణ కేంద్రాలకు పరుగెత్తాలి. రాత్రి పది గంటలకైనా వాటిని మూసివేయాలని సియోల్ నగరం నిబంధన విధించవలసి వచ్చిందంటే పోటీ తీవ్రత ఎంతటిదో ఊహించవచ్చు. ఈ పరుగులో నూడుల్సు, తీపి పానీయాలే చాలామందికి రాత్రి భోజనమవుతున్నాయి.

ప్రభుత్వం చేతులు కట్టుకొని కూర్చోలేదు. 2009లో అమలులోకి వచ్చిన ప్రత్యేక చట్టం పాఠశాలల చుట్టూ 200 మీటర్ల మేర ఆహార రక్షణ మండలాలను ఏర్పరచింది. 2010 నుండి సాయంకాలం ఐదు, ఏడు గంటల మధ్య టెలివిజన్‌లో పోషక విలువలు లేని చిరుతిళ్ల ప్రకటనలను నియంత్రించింది. ఇవి మెచ్చదగిన చర్యలే. అయినా ఆ తరువాతి దశాబ్దంలోనే స్థూలకాయం రెట్టింపయింది. 2020లో కోవిడ్ వల్ల బడులు మూతపడడం పరిస్థితిని మరింత దిగజార్చింది. చిరుతిండిని అదుపు చేయబూనిన చట్టం పిల్లలకు ఆటల వేళను మాత్రం తెచ్చి ఇవ్వలేకపోయింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన అధ్యయనం ఈ లోపాన్ని ఎత్తిచూపింది. 2016లో కొరియాలో 11-17 ఏళ్లవారిలో నూటికి 94.2 మందికి రోజుకొక గంట శారీరక శ్రమ లేదు. పరిశీలించిన 146 దేశాలలో ఇదే అత్యధికం. భారతదేశంలోనూ ఆ సంఖ్య 73.9 కనుక ఇది పొరుగింటి సమస్య అని తోసిపుచ్చరాదు. కొరియా బాలికలలో శ్రమ లేనివారు నూటికి 97.2 మంది. వారిలో స్థూలకాయం తక్కువ కనుక వారు ఆరోగ్యవంతులనుకోవడం భ్రమ. సన్నగా కనిపించాలన్న ఒత్తిడితో కడుపు మాడ్చుకోవడం కూడా అనారోగ్యమే.

‘తిలా పాపం తలా పిడికెడు’ అన్నట్లు ఈ దోషంలో తల్లిదండ్రులకు, విద్యాసంస్థలకు, వ్యాపారులకు, ప్రభుత్వానికి భాగముంది. శిక్ష మాత్రం పిల్లలకే పడుతోంది. ప్రాథమిక పాఠశాల మొదటి రెండు తరగతులలో శారీరక విద్యను ప్రత్యేక పాఠ్యాంశం చేయాలని 2024లో ఆ దేశ జాతీయ విద్యా కమిషన్ నిర్ణయించడం శుభసూచకం. కాని కళాశాల ప్రవేశ పరీక్ష సమీపించగానే ఆటస్థలం బోసిపోతే ఆ నిర్ణయానికి ప్రయోజనముండదు. గణితానికి కేటాయించినంత గౌరవంతో ఆటకు కూడా రోజూ ఒక గంట కేటాయించాలి. ఆ గంటను ఏ పరీక్షా అపహరించకుండా కాపాడడం పెద్దల బాధ్యత.