రిస్కు ఎవరిది బాబూ?

మసాచుసెట్స్‌లో ఏ ఊరివాళ్ళు కొత్త స్కూలు కట్టుకోవాలన్నా టౌన్ మీటింగులో ఈ మాట తరచుగా వినిపిస్తుంది: "కన్‌స్ట్రక్షన్ మేనేజర్ ఎట్ రిస్క్". పేరులోనే రిస్కు వాడిదని ఉంది కదా, మనకేం బెంగ అని జనం చేతులెత్తి ఓటేసేస్తారు. నాకైతే అక్కడే అనుమానం. ఎందుకంటే ఆ అప్పు తీరేది మన ప్రాపర్టీ టాక్సుల్లోంచే.

పాత పద్ధతి మనకి బాగా తెలిసిందే. డిజైనంతా పూర్తిచేసి, టెండరు పిలిచి, తక్కువకి కోట్ చేసినవాడికి ఇచ్చెయ్యడం. మన భాషలో ఫిక్స్‌డ్ బిడ్డు. ఆ తరవాత వాడు ఛేంజ్ ఆర్డర్ల మీద బతుకుతాడు (ఛేంజ్ రిక్వెస్టులతోనే ప్రాజెక్టుని లాభాల్లోకి తెచ్చే మేనేజర్లు మనకి కొత్తా ఏమిటి!). 2004లో ఆ రాష్ట్రం 149ఎ అనే చట్టం తెచ్చింది. 50 లక్షల డాలర్లు, ఆపైన అయ్యే ప్రభుత్వ భవనాలకి బిల్డరుని డిజైన్ దశలోనే, ధరతోపాటు అనుభవం కూడా చూసి ఎంచుకోవచ్చంది. వాడు ఆర్కిటెక్టు పక్కన కూర్చుని ఎస్టిమేట్లు వేస్తాడు. తరవాత "ఇంతకు మించి అడగను" అని గరిష్ఠ ధర రాసిస్తాడు. మనం పని పెంచకుండా ఖర్చు ఆ ధర దాటితే వాడి జేబులోంచే. టైమ్ అండ్ మెటీరియల్‌కి క్యాప్ పెట్టినట్టన్నమాట.

బానే ఉంది. కానీ ఆ ధర ఎప్పుడు రాయించుకున్నారన్నదే అసలు కిటుకు. డ్రాయింగులు సగం కూడా కాకముందే అడిగితే వాడేమన్నా పిచ్చోడా? తెలియని ప్రతిదానికీ బఫర్ వేసుకుంటాడు, లేదా "ఇది ధరలో కలపలేదు" అని అడుగున చిన్నక్షరాల్లో రాసుకుంటాడు. రిక్వైర్‌మెంట్లు రాకముందే నంబరు చెప్పమంటే మనం చేసేదీ అదే కదా. అంటే వాడు మోసే రిస్కుకి కూలి మనం ముందే కట్టేశామన్నమాట.

అందుకే, నిర్మాణ డ్రాయింగులు కనీసం 60 శాతం అయ్యాకే ధర కుదుర్చుకోవాలన్న నిబంధన నాకు బాగా నచ్చింది. ఈ పద్ధతి నడపడానికి తగిన మనుషులూ ప్లానూ ఉన్నాయని చూపించి, ఊళ్ళు ఇన్‌స్పెక్టర్ జనరల్ దగ్గర అనుమతి కూడా తెచ్చుకోవాలి. ఇదంతా రెడ్ టేపు అని విసుక్కునేవాళ్ళున్నారు. నేనైతే ఇంకాస్త బిగించమంటాను. 60ని 90 చెయ్యమని కాదు, అలా చేస్తే బిల్డరుని ముందే తెచ్చుకున్న ప్రయోజనమే పోతుంది. బిగించాల్సింది కంటింజెన్సీ దగ్గర. గరిష్ఠ ధర లోపలే ఉండే ఆ మూటలోంచి ఎప్పుడు, ఎంత, దేనికి తీశారో నెలనెలా ఊరందరికీ కనపడేలా పెట్టాలి. చివర్లో మిగిలింది ఎవరికి పోతుందో సంతకాలప్పుడే రాసుకోవాలి.

ఓటున్నవాళ్ళు ఈసారి మీటింగులో లేచి, డ్రాయింగులు ఎంతవరకు వచ్చాయి, ధరలో కలపనివేమిటి అని అడగండి. మనలాంటి హెచ్1 వాళ్ళకి ఓటు లేదు గానీ టాక్సు మాత్రం ఉంది, కనీసం పక్కింటాయన చేతైనా అడిగించండి.