గృహనిర్బంధమున స్త్రీలు, శిశువులు

2020 మార్చి మాసాంతమున ఇల్లు కదలకుండుటయే రక్షణమని ప్రభుత్వములు చాటెను. అంటువ్యాధి మట్టునకు ఆ మాట సత్యమే. కాని ఇంటిలోనే భయకారణ మున్నవారికి ఆ యుత్తరువు చెఱ యయ్యెను. మందమర్రివంటి గనుల పట్టణమును తలచుకొన్నచో ఈ సంగతి తేటపడును. ఆ యేప్రిలులో సింగరేణి భూగర్భ గనులకు లేఆఫ్ ప్రకటింపబడెను. షిఫ్టుకు పోవలసిన పురుషుడు పగలంతయు ఇంటనే యుండెను. బడిలేని పిల్లలును ఆ యిఱుకు క్వార్టరులోనే యుండిరి. భర్త గనిలో నుండు ఆ యెనిమిది గంటలే కొందఱు స్త్రీలకు ఊపిరి పీల్చుకొను వేళయని వేఱుగ చెప్పవలెనా?

పనిలేమియే హింసకు కారణమని మేమనము. పనిలేని మగవాడెల్ల భార్యను కొట్టడు; కొట్టువాడు పనియున్నను కొట్టును. నిర్బంధము వాని కవకాశమును పెంచి, చూచువారి కన్నులను తొలగించెను. పిల్లల విషయమున నిది మఱింత ఘోరము. తెలంగాణమున ప్రాథమిక తరగతులు 2020 మార్చి నడుమ మూతపడి 2021 సెప్టెంబరు 1వ తేదీగాని తెరువబడలేదు. వీపుమీది వాతను మొదట కనిపెట్టునది తరచుగ పంతులమ్మయే. ఆ చూపు పదునేడు నెలలు లేకపోయెను. 2020 మార్చి 20 నుండి 31 వరకు దేశమున 1098కి వచ్చిన పిలుపులలో 92 వేలకు పైగా హింసనుండి కాపాడుడని వేడినవే. పిలువలేనివారి లెక్క ఎవరు కట్టిరి?

1098, 181 అను సంఖ్యలు మంచివే. ఇంటికంతకు ఒక్క ఫోను, అదియు భర్త చొక్కాజేబులో నున్నచో వాని వలన ప్రయోజన మేమి? స్పెయినునకు చెందిన కానరీ దీవులలో ఆ మార్చియందే, మందుల దుకాణమున ‘మాస్కు 19’ అని యడిగిన చాలు, సాయము వచ్చు నేర్పాటు చేసిరి. మనకు రేషను దుకాణము లేదా? తలకు 12 కిలోల బియ్యము పంచిన చోట చెవిలో ఒక మాట చెప్పుకొను వీలుండరాదా? 2021 మేలో జ్వరము నడుగుచు గడపగడప త్రొక్కిన ఆశా కార్యకర్తకు మఱియొక ప్రశ్నను, దానిని మగవాడు వినకుండ అడుగు నేర్పును ఇచ్చుట అసాధ్యమా?

క్వార్టరు భర్త పేర నున్నదని బెదరనక్కఱలేదు. 2005 నాటి గృహహింస చట్టము, ఇల్లెవరి పేర నున్నను, భార్యకు అందు నివసించు హక్కు నిచ్చినది. కొట్టువానినే వెలికి పంపుమని మేజిస్ట్రేటు ఆజ్ఞాపింపవచ్చును. కాని 2020 మే 19 వరకు బస్సులు నడువని ఆ దినములలో మందమర్రి స్త్రీ మంచిర్యాలకు పోవుటెట్లు? త్రోవలో పోలీసు ఆపి పాసేది యని యడిగిన నేమి చూపును? మఱల అట్టి నిర్బంధము వచ్చునేని, దెబ్బలకు తాళలేక పిల్లలతో వెలువడిన స్త్రీకి పాసు వలదను వాక్య మొకటి మొదటి యుత్తరువులోనే వ్రాయవలెనని మేము కోరుచున్నాము.