అడవి గేటు దగ్గర జేబు తడుముకోవాలా?

ముంబయి నగరాన్ని ఆనుకొని 104 చదరపు కిలోమీటర్ల అడవి ఉంది. పేరు సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానవనం. మన వాళ్లకది 'బోరివలి పార్కు'. లోకల్ రైలు దిగి, పిల్లల చేతులు పట్టుకొని, చద్దిమూటతో వెళ్లి ఒక పూట చెట్ల కింద గడిపి రావడం కార్మిక కుటుంబాలకు అలవాటు. వారమంతా సాంచాల మోతలో, దూది దుమ్ములో గడిపే వానికి ఆ పూట విలువ ఎంతో వేరే చెప్పనక్కరలేదు.

సెలవు రోజుల్లో అక్కడ జనం కిటకిటలాడుతున్నారు. రద్దీ తగ్గాలంటే టిక్కెట్టు ధర పెంచాలని కొందరు పెద్దమనుషుల వాదన. ఇది ఎంతవరకు సబబు?

ముందు నిజం ఒప్పుకుందాం. ఆ అడవిలో చిరుతపులులు బతుకుతున్నాయి. ఆ కొండల మీద కురిసిన వానే తుల్సీ, విహార్ చెరువులు నింపి నగరం కుళాయిల్లోకి వస్తుంది. కాపలాకు, చెత్త ఎత్తడానికి డబ్బు కావాలి. టిక్కెట్టే వద్దని మనం అనడం లేదు.

కాని ధర పెంచితే ముందుగా ఆగిపోయేది ఎవరు? కారులో వచ్చేవానికి యాభై రూపాయలు లెక్కలోకి రావు. ఐదుగురున్న కుటుంబానికి అదే రెండువందల యాభై అవుతుంది. రైలు ఛార్జీ వేరు. కన్హేరి గుహల దగ్గర పురావస్తు శాఖ వారి టిక్కెట్టు వేరు. మిల్లు వాడల నడుమనున్న బైకుల్లా రాణీబాగ్‌లో 2017లో పెద్దల టిక్కెట్టు 5 రూపాయల నుండి ఒక్కసారిగా 50 రూపాయలు అయిన సంగతి మరవకూడదు.

అసలు జనమంతా ఒక్క చోటికే ఎందుకు పోతున్నారు? వేరే చోటు లేక. 1991 నాటి నిబంధన ప్రకారం మిల్లు భూములలో సుమారు మూడోవంతు ప్రజల ఖాళీ స్థలాలకు దక్కాలి. 2001లో ప్రభుత్వం ఆ నిబంధన సవరించి, కట్టడాలు లేని నేలలో మాత్రమే వాటా అన్నది. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. మైదానాలు రావలసిన చోట మాల్సు, టవర్లు లేచాయి. పరేల్‌లో ఆడుకునే చోటు లేని పిల్లవాడు బోరివలికి వస్తే, ఇప్పుడు వానినే రద్దీ అంటున్నారు!

ఈ తగవు మన ఊరిది మాత్రమే కాదు. అమెరికాలో 2017లో 17 జాతీయ పార్కులలో సీజను రోజుల్లో కారుకు 70 డాలర్లు వసూలు చేస్తామన్నారు. మరమ్మతుల ఖర్చుకని చెప్పారు. లక్షకు పైగా అభిప్రాయాలు వచ్చాయి, వ్యతిరేకత వెల్లువెత్తింది. 2018లో ప్రభుత్వం దిగివచ్చి 35 డాలర్లతో సరిపెట్టింది. ఆ పదిహేడింటిలో ఒకటైన జయాన్ పార్కులో రద్దీకి మందు ఏనాడో కనిపెట్టారు. 2000 సంవత్సరం నుండి సీజనులో అక్కడి లోయలోకి సొంత కార్లు ఆపి, ఉచిత బస్సులు నడుపుతున్నారు.

కనుక మనం అడగవలసినవి ఇవి. నడిచి వచ్చేవారి టిక్కెట్టు పెంచరాదు. భారం మోపాలంటే కార్ల మీద మోపాలి, లోపల బస్సులు పెంచాలి. సెలవు రోజుల్లో పూటకు ఇంతమందే అని లెక్క పెట్టాలి, ఆ లెక్క అందరికీ ఒకటే కావాలి. టిక్కెట్లన్నీ ఫోనులోనే అమ్మకుండా గేటు కిటికీలోనూ ఇవ్వాలి. వసూలైన డబ్బు దేనికి ఖర్చయిందో గేటు దగ్గరే బోర్డు పెట్టాలి.

చివరగా మనలో మన మాట. అన్నం తిన్న ప్లాస్టిక్ సంచి అక్కడే పారేసి, కోతులకు పల్లీలు విసిరి వచ్చేవారు మనలోనూ ఉన్నారు. అట్లా చేస్తే ధర పెంచమనేవారికి మనమే సాక్ష్యం ఇచ్చినట్లవుతుంది. తెచ్చిన సంచి తిరిగి ఇంటికి తీసుకుపోదాం. తక్కువ టిక్కెట్టు అడిగే హక్కు అప్పుడు మరింత గట్టిపడుతుంది.