ఎముకకు ఖాళీ కావాలి

ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి అటు నారపల్లి వైపు, ఇటు రామంతాపూర్ మీదుగా అంబర్‌పేట వైపు రోజూ బండి మీద తిరిగేవాళ్లకు మోకాలి కింద ఎముక విరగడమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఆ దెబ్బ తగిలినవాళ్లు వీధికొకరుంటారు. కాలి ముందువైపు ఆ ఎముకకు కండ అండ లేదు, పైన ఒట్టి చర్మమే. బండి గట్టిగా పడితే అది ముక్కలై చర్మాన్ని చీల్చుకుని బయటికొస్తుంది, మట్టి అంటుతుంది. పాడైన ముక్కల్ని డాక్టరు ఏరి తీసేశాక కొందరికి అక్కడ మిగిలేది విరిగిన ఎముక కాదు, ఎముకే లేని జాగా.

విరిగిన ఎముకను సరిగ్గా కూర్చి కదలకుండా ఉంచితే చాలావరకు దానంతటదే అతుక్కుంటుంది. పుత్తూరు కట్టు మీద జనానికి తరతరాలుగా నమ్మకం కుదిరింది ఎముకకున్న ఈ గుణం వల్లే. కానీ నడుమ రెండు మూడు సెంటీమీటర్లు లేకుండా పోతే కట్టు గానీ, ఒట్టి రాడ్డు గానీ దాన్ని పుట్టించలేవు. అక్కడ ఏదో ఒకటి నింపాలి. ఇన్నాళ్లూ ముందుగా వాడుతున్నది రోగి సొంత ఎముకనే. తుంటి ఎముక అంచు నుంచి తొలిచి తెచ్చి నింపుతారు. బతికున్న కణాలూ, ఎముకను పెంచే ప్రొటీన్లూ అందులోనే ఉంటాయి కాబట్టి ఈ రోజుకీ దాన్ని మించింది లేదు. చిక్కల్లా, దొరికేది కొంచెమే. పైగా రెండో గాయం. మా వీధిలో డెలివరీ పని చేసే కుర్రాడికి కాలు అతుక్కుంది, మెట్లెక్కుతున్నాడు, తుంటి నొప్పి మాత్రం వదల్లేదు. "ఇరిగింది కాలైతే నడుమెందుకు కోసిండ్రన్నా?" అని అడిగాడు. ఆ ప్రశ్న న్యాయమైనది.

కోయకుండా నింపాలన్న ప్రయత్నం కొత్తదేం కాదు. 1892లోనే డ్రీస్మన్ అనే జర్మన్ వైద్యుడు ఎముకలోని గుంతల్లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నింపాడు. 1920లో అమెరికాలో ఆల్బీ, మారిసన్ కుందేళ్ల మీద కాల్షియం ఫాస్ఫేట్ ప్రయత్నించారు. 1969లో ఫ్లోరిడాలో లారీ హెంచ్ ఎముకతో ఏకమయ్యే గాజును తయారుచేశాడు. మన ఎముక బరువులో ఇంచుమించు మూడింట రెండొంతులు కాల్షియం ఫాస్ఫేట్ జాతి ఖనిజమే. కాబట్టి సరైన పొడిని కలపడం రసాయన శాస్త్రానికి పెద్ద సమస్య కాలేదు. అసలు కష్టం ఆ పొడిని ఏ ఆకారంలో నిలపాలన్న దగ్గర వచ్చింది. గట్టి దిమ్మలా చేసి పెడితే ఎముక దాని అంచు దాకా వచ్చి ఆగిపోతుంది. లోపలికి రావడానికి దారి లేదు మరి!

నాచారం, మల్లాపూర్ దాటి ఈసీఐఎల్ వైపు వెళితే అణు ఇంధనం తయారుచేసే ఎన్‌ఎఫ్‌సీ వస్తుంది. 1971లో మొదలైన ఆ సంస్థలో యురేనియం డయాక్సైడ్ పొడిని బిళ్లలుగా నొక్కి, దాదాపు 1,700 డిగ్రీల వేడిలో కాలుస్తారు. లోపల ఖాళీ చాలా తక్కువగా ఉండాలి, సాంద్రత నూటికి 95 వంతులు దాటాలి. కృత్రిమ ఎముక చేసేవాడి పని దీనికి పూర్తిగా తలకిందులు. పొడితోనే మొదలుపెట్టాలి, కొలిమిలోనే కాల్చాలి, కానీ సగానికి పైగా ఖాళీ మిగిలేలా కాల్చాలి.

దాన్ని ఎలా చేస్తారో చూడండి. పాలియురేథేన్ స్పంజి ముక్కను హైడ్రాక్సీఅపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేట్ పొడి కలిపిన చిక్కటి ద్రవంలో ముంచుతారు. రంధ్రాలు పూడుకుపోకుండా పిండుతారు. ఆరబెట్టి మెల్లగా వేడి పెంచుతారు. తొందరపడితే లోపలి పొగ బయటికి పోలేక అచ్చు పగులుతుంది. స్పంజి కాలిపోతుంది. వేడి 1,200 డిగ్రీల దాకా వెళ్లేసరికి పింగాణీ గట్టిపడి స్పంజి ఆకారంలోనే మిగులుతుంది. అయితే కాలిపోయిన ప్రతి స్పంజి పోగు స్థానంలో సన్నటి బోలు ఉండిపోతుంది. బరువు పడ్డప్పుడు పగులు మొదలయ్యేది అక్కడే. ఈ పద్ధతికి ఉన్న పెద్ద లోపం ఇదే. త్రీడీ ప్రింటింగ్ వైపు పరిశోధకులు మళ్లడానికి ఇదొక కారణం.

రంధ్రం ఉంటే చాలదు, కొలత కుదరాలి. వంద మైక్రాన్ల కంటే చిన్నదైతే ఎముక సరిగ్గా పెరగదు. మూడు వందల మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటే రక్తనాళాలు సులువుగా దూరతాయి. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లని గుర్తుంచుకుంటే కొలత అర్థమవుతుంది. రంధ్రాన్ని గది అనుకుంటే, ఒక గది నుంచి ఇంకో గదికి ద్వారం కూడా ఉండాలి. ద్వారం లేని గది ఎంత పెద్దదైనా దండగే, అక్కడికి రక్తం చేరదు, రక్తం చేరని చోట ఎముక పుట్టదు. పోనీ ఖాళీ పెంచుకుంటూ పోదామంటే బలం పడిపోతుంది. అందుకే ఈ పూరకాలు ఒంటరిగా బరువు మోయలేవు. ఎముక పెరిగేదాకా పక్కన రాడ్డో ప్లేటో ఆ బరువు మోయాలి.

ఆ తర్వాత చూడాల్సింది పూరకం కరిగే కాలం. స్లాబు గట్టిపడకముందే సెంట్రింగ్ విప్పితే కూలుతుంది, ఎన్నటికీ విప్పకపోతే ఆ ఇల్లు వాడుకోవడానికి రాదు. ఇక్కడా అంతే. బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ నెలల్లో మొదలై ఏడాది, రెండేళ్లలో చాలావరకు కరుగుతుంది. బాగా కాల్చిన హైడ్రాక్సీఅపటైట్ ఏళ్లు గడిచినా ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తూనే ఉంటుంది. అందుకే రెండింటినీ పాళ్లు చూసి కలుపుతారు. ఇరవై ఏళ్ల కుర్రాడి కాలికీ, డెబ్భై ఏళ్ల అవ్వ మణికట్టుకూ ఒకే పాళ్లు సరిపోతాయనుకోవడం పొరపాటని నా అభిప్రాయం.

హైదరాబాద్‌కు వైద్యానికి పనికొచ్చే పదార్థాలు చేయడం కొత్త కాదు. క్షిపణుల కోసం చేసిన తేలికపాటి పదార్థంతో అబ్దుల్ కలాం బృందం నిమ్స్ ఆసుపత్రిలోని పిల్లలకు కాలికి ఆసరాగా కట్టుకునే కాలిపర్లు చేసిచ్చింది. మూడు కిలోలకు పైగా ఉన్న బరువు 300 గ్రాములకు దిగిందని ఆయనే చెప్పేవారు. కంచన్‌బాగ్‌లో మిధాని టైటానియం ఇంప్లాంట్లు చేస్తోంది. బాలాపూర్‌లో లోహపు పొడులకూ, పింగాణీకీ పరిశోధన కేంద్రంగా ఏఆర్‌సీఐ ఉంది. 2022లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, ఐఐటీ హైదరాబాద్, మన ఉప్పల్ రోడ్డు మీది కణశాస్త్ర సంస్థ సీసీఎంబీ కలిసి కార్నియాను ప్రింట్ చేసి కుందేలు కంట్లో అమర్చి చూపించాయి. తయారీకి సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు ఉంది. నాచారంలో కార్మికుల కోసం ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. కొలిమి, కణశాస్త్రం, వార్డు ఒకే ఊళ్లో ఉన్నాయి. వీటిని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి ఎముక పని అప్పగించడం ప్రభుత్వం చేయాల్సిన పని, చేయగలిగిన పని.

అంతకన్నా ముందు, రేపే చేయగలిగింది ఇంకొకటుంది. ప్రభుత్వ ఆసుపత్రులు, ఈఎస్‌ఐ, ఆరోగ్యశ్రీ కోసం ఎముక పూరకాలు కొనేటప్పుడు ధర, గ్రాములు అడిగి ఊరుకోకూడదు. రంధ్రం ఎంత, ఒకదానితో ఒకటి కలిసి ఉన్నాయా, ఎన్నాళ్లకు కరుగుతుంది అని రాతపూర్వకంగా అడగాలి. వేసిన ప్రతి రోగికీ ఏడాది తర్వాత ఎక్స్‌రే తీసి ఫలితాన్ని ఒకచోట నమోదు చేయాలి. ఆ లెక్క లేకుండా ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు.

మీ ఇంట్లో ఎవరికైనా బోన్ గ్రాఫ్ట్ వేయాలని డాక్టరు చెబితే, సొంత ఎముకా, బయటిదా, బయటిదైతే ఏమిటి, ఎప్పటికి కరుగుతుంది అని అడగండి. దాని పేరు డిశ్చార్జి కాగితం మీద రాయించుకుని, ఆ కాగితాన్ని ఎక్స్‌రేలతో పాటు దాచండి.