ముంగిసని తిట్టే ముందు మీ కోళ్ల గూడు చూసుకోండి

వీడియోలో మా కొత్త కోళ్ల గూడు అన్ని వైపుల నుంచీ చూపించాను. మెష్ ఎలా బిగించామో, రాళ్లు ఎలా నిలబెట్టామో అందులో ఉంది. అయితే వీడియోలో చెప్పని మాట ఒకటి మిగిలిపోయింది. అది కొంచెం గట్టిగా చెప్పాల్సిన మాట, అందుకే రాస్తున్నాను.

పోయినేడు కార్తీక మాసంలో ఒక తెల్లవారుజామున మా ఆవిడ గూడు తలుపు తీయబోతే, అది అప్పటికే వారగా తెరుచుకుని ఉంది. లోపల పదకొండు కోళ్లు చచ్చి పడున్నాయి. తిన్నవి రెండే. మిగతా వాటికి మెడ మీద కాట్లు తప్ప ఇంకేమీ లేదు. గుడ్ల మీదున్న పెట్టలు నాలుగు, సంక్రాంతికి అమ్ముదామని పెంచిన పుంజు ఒకటి అందులోనే పోయాయి. మా ఇంట్లో కోళ్ల డబ్బు ఆవిడది. పంట డబ్బుకి లెక్కలుంటాయి గానీ దీనికి ఉండవు, ఆవిడ చేతిలో ఆడే డబ్బు అదే. ఆ పొద్దు ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. గూడు కట్టింది నేనే, తలుపుకి పాత గోనెపట్టా ముక్క, తాడు కట్టి సరిపెట్టింది కూడా నేనే.

పక్క చేను తమ్ముడు వచ్చి చూశాడు. "అన్నా, ఇది ముంగిస పనే. చచ్చిన కోడిలో నాలుగు గుళికలు పెట్టి గట్టు మీద పడెయ్, మళ్లీ ఇటు రాదు" అన్నాడు. అతను నాలాగే ఐదేళ్ల నుంచి చేలో మందు కొట్టని మనిషి. గుళికల డబ్బా మాత్రం అటక మీద దాచుకున్నాడు.

ఇక్కడే నాకు పేచీ. వరిలో పురుగు పడితే కషాయం కాచుకుంటాం, మిత్ర పురుగులు చచ్చిపోతాయని మందు ముట్టుకోం. కోడి పోయేసరికి మాత్రం ఆ నియమం గుర్తుండదు. గుళికలు పెట్టిన మాంసం ముంగిస ఒక్కటే తినదు. కాకి తింటుంది, ఊరకుక్క తింటుంది, మన కుక్కా తింటుంది. కొందరైతే గూడు చుట్టూ కరెంటు తీగ లాగుతున్నారు, రాత్రి నీళ్లు పెట్టడానికి వెళ్లే మనిషి ప్రాణం మీదకొస్తుందని కూడా ఆలోచించరు. ముంగిస, బావురు పిల్లి, పునుగు పిల్లి అన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువులు. చట్టం సంగతి అలా ఉంచినా, మన గట్లలో ఎలుకల్ని, పందికొక్కుల్ని జీతం లేకుండా పట్టేది ఇవే కదా!

అసలు మా కోళ్లని చంపింది ముంగిస కాదు. ముంగిస పగటి జంతువు. పొద్దున్నో సాయంత్రమో వచ్చి పిల్లనో గుడ్డునో ఎత్తుకుపోతుంది గానీ, అర్ధరాత్రి గూట్లో దూరదు. రాత్రి వచ్చేవి బావురు పిల్లి, పునుగు పిల్లి, నక్క, ఇంకా ఊరకుక్కలు. ఏది వచ్చిందో తెలుసుకోవాలంటే గూడు చుట్టూ జల్లించిన బూడిద పల్చగా చల్లి వదిలేయండి. కుక్క, నక్క అడుగుల్లో గోళ్ల గుర్తు పడుతుంది. పిల్లి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి గుండ్రటి అడుగే పడుతుంది. మూడో రాత్రికి మా బూడిదలో గుండ్రటి అడుగులు పడ్డాయి, ఇంటి పిల్లి అడుగుల కంటే పెద్దవి. గోనెపట్టా తలుపు దానికొక లెక్కా?

కోళ్ల గూడంటే మనం మిగిలిపోయిన సామానుతో కట్టేదనుకుంటాం. పశువుల పాకకి వాసాలు ఏరి తెస్తాం, కోళ్లకి మాత్రం విరిగిన రేకు, పాత చీర, తుప్పు పట్టిన వల. గూడు విషయంలో నేను చేసిన తప్పులన్నీ ఈ ఆలోచన నుంచే వచ్చాయి.

మొదటిది మెష్. కొట్లో కోళ్ల మెష్ అని అమ్మే ఆరు పలకల కన్నాల వల కోళ్లని లోపల ఉంచడానికే పనికొస్తుంది, బయటి జంతువుని ఆపదు. తీగ సన్నం, కుక్క పట్టి లాగితే చిరిగిపోతుంది. కన్నంలోంచి పంజా దూరుతుంది కాబట్టి, పొద్దున కాలు లేని కోడి కనపడుతుంది. అర అంగుళం కన్నాలున్న వెల్డ్ మెష్ తెచ్చుకోండి. ధర ఎక్కువే, నేనూ మూడుసార్లు కొట్టు దాకా వెళ్లి వెనక్కొచ్చాను. కోళ్లు పడుకునే కర్ర మెష్‌కి అడుగు దూరంలో లోపలికి ఉంటే పంజాకి అసలే అందవు.

తవ్వే జంతువు సంగతి ఇంకా తమాషా. అది సరిగ్గా గోడ మొదట్లోనే తవ్వడం మొదలెడుతుంది. వెనక్కి రెండడుగులు వేసి తవ్వుదామన్న ఆలోచన దానికి రాదు. అందుకని మెష్‌ని గోడ కింద నుంచి బయటికి అడుగున్నర వెడల్పు నేల మీద పరిచి, మట్టి కప్పి రాళ్లు పేర్చితే చాలు. లోతుగా కందకం తవ్వి పాతిపెట్టే శ్రమ అక్కర్లేదు.

మేమైతే ఈసారి గూడుని నేల మీద కట్టలేదు. రెండున్నర అడుగుల రాతి స్తంభాల మీద నిలబెట్టాం. నేల మీదున్న గూడు కింద పందికొక్కులు బొరియలు చేస్తాయి, ఆ బొరియల వెంట పాములొస్తాయి. ఎత్తున ఉంటే కింద ఖాళీ కనపడుతుంది, రెట్ట కిందకి రాలుతుంది, ఎత్తి ఎరువు గుంతలో వేసుకోవచ్చు. రాయి దొరక్క కర్ర స్తంభాలు పెట్టేవాళ్లు, కొబ్బరి చెట్లకి ఎలుకలెక్కకుండా రేకు చుడతారు చూడండి, అలాగే నున్నటి రేకు చుట్టండి. పైన తాటాకు వేసుకోవచ్చు, చల్లగా ఉంటుంది. కాకపోతే తాటాకు కింద కూడా మెష్ పరవాలి. పునుగు పిల్లి చెట్లెక్కే జంతువు, కప్పు లోంచి దిగడం దానికి ఇంట్లోకొచ్చినట్టే. భయపడి నాలుగు వైపులా రేకుతో మూసేయకండి. రోహిణీ కార్తెలో కోళ్లు లోపలే ఉడికిపోతాయి. గోడల పై భాగం మెష్‌తో వదిలేస్తే గాలి ఆడుతుంది.

తలుపుకి తాడు వద్దు. గడియ పెట్టి, దానికి ఇంకో కొక్కెం తగిలించండి.

నాటు కోళ్లు చింతచెట్టు ఎక్కి పడుకుంటాయి, గూట్లోకి రావని చాలామంది అంటారు. ఐదారు రోజులు కొత్త గూట్లోనే ఉంచి మేత, నీళ్లు అక్కడే పెడితే అలవాటు పడతాయి. తర్వాత సాయంత్రం గుప్పెడు నూకలు జల్లితే చాలు, అవే వస్తాయి.

ఇక పగలు. గద్ద, కాకి, ముంగిస మూడూ పిల్లల కోసం వస్తాయి. పెరడు బోసిగా ఉంటే పిల్లకి దాక్కునే చోటుండదు. కంచె వెంట కంది, ఆముదం గుబురుగా పెట్టాం. పెట్ట కూత పెట్టగానే పిల్లలన్నీ ఆ నీడలో దూరిపోతున్నాయి. మొదటి నెల పిల్లల్ని గంప కింద ఉంచడం మనందరికీ తెలిసిందే. అప్పటికీ ఒకటీ అరా పోతాయి. పోనివ్వండి, పొలంలో బతికే వాటికి మనం కట్టే అద్దె అనుకుంటాను నేను. రాత్రి పోయిన పదకొండు మాత్రం అద్దె కాదు, నా బద్ధకం. గూడు ఎంత బాగున్నా కొక్కెర తెగులుని ఆపదు, ఆ టీకా పశువుల ఆసుపత్రిలో అడిగి వేయించుకోండి.

ఇప్పుడు మా ఇంట్లో పొద్దుగూకగానే కోళ్లు లెక్కపెట్టి గడియ వేసే పని నాది. కొత్త మెష్ డబ్బు కూడా నేనే ఇచ్చాను, ఆవిడ లెక్కలో రాయలేదు. మొన్న మళ్లీ బూడిదలో గుండ్రటి అడుగులు కనపడ్డాయి. గూడు చుట్టూ రెండుసార్లు తిరిగి, మెష్ దగ్గర కాసేపు ఆగి, వరి గట్టు వైపు పోయింది. అక్కడ పందికొక్కులు బాగా ఉన్నాయి ఈ ఏడు.