పిండినల్లికి విరుగుడు కందిరీగ

దక్షిణ అమెరికాలో పుట్టిన కర్రపెండలం పిండినల్లి మన దేశంలో 2020లో మొదట కేరళలో కనిపించింది. తర్వాత తమిళనాడులోని సేలం, నామక్కల్ తోటలకు పాకింది. రసం పీల్చడంతో చిగుళ్లు ముడుచుకుపోతాయి. ఒంటిమీది మైనపు పూతవల్ల మందు సరిగా అంటదు.

బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ ఆఫ్రికాలోని బెనిన్ నుంచి ఒక కందిరీగను తెప్పించి, పరీక్షించి, 2022లో సేలం జిల్లాలో వదిలింది. నువ్వుగింజంత ఉండే ఈ కందిరీగ మనుషులను కుట్టదు. పిండినల్లి ఒంట్లో గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు దాన్ని లోపలినుంచి తినేస్తుంది.

బొప్పాయి పిండినల్లిపై 2010లో ప్యూర్టోరికో నుంచి తెచ్చి తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రల్లో వదిలిన కందిరీగలు వేరు. ఏ నల్లికి ఆ కందిరీగే. అందుకే పురుగు జాతిని సరిగా గుర్తించడం సగం వైద్యం. కందిరీగలు వదిలిన తోటలో పురుగుమందు కొడితే అవీ చస్తాయి.

మిత్రపురుగును శత్రువనుకోకుండా ఉండాలంటే పేరు తెలియాలి. అక్షింతల పురుగు, తూనీగ వంటి పేర్లను తెలుగులోనూ, రాష్ట్రభాషలోనూ పిల్లలచేత పక్కపక్కన రాయించండి. తెలుగు పేరు ఇంట్లో పెద్దలకు చెప్పడానికి, రెండోది వ్యవసాయాధికారిని అడగడానికి పనికొస్తుంది.